కుడికాలి పట్టీ

"ఏం వరూధినీ, బాల్కనీలో ఏం చేస్తాండావు?"

హాల్లో సోఫా మీంచి మా అత్త పార్వతమ్మ అడిగింది. మధ్యలో తలుపు మూసే ఉంది. నేను దగ్గలేదు, మాట్లాడలేదు. తువ్వాళ్ళు ఆరేస్తున్నానంతే. ఆవిడకి ఎలా తెలుస్తుందో చాలా ఏళ్ళు నాకు అంతుబట్టలేదు.

ఆ సంగతి బయటపెట్టింది ఫిడేలు.

కె.ఆర్.పురం స్టేషన్ వెనక మమత టీచర్ ఇంట్లో ఆదివారం పాఠం. చుట్టూ పిల్లలు. మధ్యలో చీరకట్టుకున్నది నేనొక్కదాన్నే. బాసింపట్టు వేసుకుని, కుడిపాదం కాస్త ముందుకు పెట్టి, ఫిడేలు తలను చీలమండ మీద ఆనించాలి. టీచర్ సాధనకిచ్చిన ఫిడేలు నా వెండిపట్టీ మీంచి జారిపోయేది. జారకుండా ఎడమచేత్తో గట్టిగా పట్టుకునేదాన్ని. వేళ్ళు బిగుసుకుపోయేవి. 'స' దాటి 'రి'కి వెళ్ళేసరికి తుప్పు పట్టిన గేటు తెరిచినట్టు వినిపించేది.

మమత నవ్వలేదు, కన్నడం కలిసిన తెలుగులో అంది. "ఆ చేత్తో ఎందుకు మోస్తారక్కా? మోసేది కాలు. చెయ్యి ఊరికే ఉండాల. ఆ పట్టీ స్వల్ప తీసేయండి."

చెయ్యి ఊరికే ఉండాలి. ఇంటికొచ్చేదాకా బస్సులో ఆ మాటే. నా చెయ్యి ఊరికే ఎప్పుడుంది? పొద్దున్నే క్యారియర్లు, తర్వాత అత్తకి మాత్రలు, క్లినిక్‌లో రిసెప్షన్ కుర్చీ. అక్కడా డాక్టర్ల కాఫీ నా చేతిమీదుగానే. అటెండరు కుర్రాడు పక్కనే ఖాళీగా ఉన్నా, "మీరైతే బాగా కలుపుతారు మేడమ్" అంటారు. ఇంటికొస్తే మా ఆయన తిరుపాలు, "నీకేం, కూచునే ఉద్యోగం" అంటాడు. కూచునే ఉద్యోగం చేసొచ్చిన మనిషి మళ్ళీ కూచోకూడదు కాబట్టి చపాతీలు నిలబడే వత్తుతాను.

ఆ సాయంత్రం పడగ్గదిలో కుడికాలి పట్టీ తీసి సాధన చేశాను. ఫిడేలు కదల్లేదు. 'స' పలికింది, 'రి' పలికింది. కుక్కరు కూత వేస్తే లేచి వంటింట్లోకి నడిచాను.

"ఏమైంది? కుంటుతాండావు?" హాల్లోంచి అత్త.

ఆవిడ నన్ను చూడలేదు. ఒక కాలి మువ్వలే మోగడం విన్నది. పెళ్ళిలో తనే చేయించి పెట్టిన మువ్వల పట్టీలు. ఇన్నేళ్ళూ ఆ చప్పుడు పట్టుకుని నా వెనకే ఉంది. చప్పుడు ఆగిందంటే నేను కూర్చున్నానని అర్థం. వెంటనే ఏదో ఒక పనికి పిలుపు వచ్చేది. ఆ పిలుపుల వెనక ఉన్నదేమిటో ఇప్పుడు తెలిసింది.

తిరుపాలు రాగానే పంచాయితీ మొదలైంది.

"చూడప్పా, నీ పెండ్లాం కాలు బోసిగా ఉండాది. ముత్తైదువ చేసే పనేనా?"

అతను ఫోన్ నుంచి తలెత్తలేదు. "ఈ వయసులో పిల్లకాయల పక్కన కూచుని సరిగమలేంది? మా ఆఫీసోళ్ళకి తెలిస్తే నవ్వుతారు. పట్టీ పెట్టుకో. ఆ ఫిడేలు డబ్బా రేపే టీచర్‌కి ఇచ్చేసి రా."

"మిక్సీ, కుక్కరు, వాషింగ్ మెషీన్. పొద్దుట్నుంచి ఇంత మోత చేస్తాను. దానికి ఎవరూ నవ్వలేదే."

"అది ఇంటిపని."

"ఇది నా పని."

ఇప్పుడు తలెత్తాడు. "అంటే, ఇచ్చేసి రావా?"

"రాను."

"అమ్మ చేయించిన పట్టీలే, వాటికేమైంది? ఫిడేలు కావాల్నంటే నా ఇంట్లో..."

"అద్దెలో సగం నాది" అన్నాను.

పడగ్గదిలోంచి కుడిపట్టీ తెచ్చాను. టీపాయ్ మీద, అత్త కళ్ళజోడు పక్కన పెట్టాను. తర్వాత నేలమీద కూర్చుని ఎడమకాలు దగ్గరికి లాక్కున్నాను. ఎడమకాలి పట్టీ ఫిడేలుకి అడ్డం రాదు. అయినా తీశాను. చీల బిగుసుకుపోయి గోరు విరిగింది. రెండో పట్టీ మొదటిదాని మీద పడి ఘల్లుమంది. ఆ ఇంట్లో అవి చేసిన ఆఖరి చప్పుడు అదే.

"అమ్మీ, తప్పు" అంది అత్త. గొంతులో కోపం కన్నా భయం ఎక్కువుంది.

లేచి నడిచాను. నా అడుగులు నాకే వినబడలేదు. గదిలోకి వెళ్ళి, బాసింపట్టు వేసుకుని, ఫిడేలు తలను చీలమండకి ఆనించాను. అది జారలేదు. ఎడమచెయ్యి ఊరికే ఉంది.

హాల్లోంచి పిలుపు.

"వరూధినీ, ఎక్కడుండావు?"

కమాను తీగమీద పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరిదాకా లాగి, నేనెక్కడున్నానో చెప్పాను.