వేడి తెలిసిన మడత

ప్రయోగశాలలో అందరూ ఆమెను ఉడుంపట్టు అనేవారు. మొహం మీద అన్నా ఆమె ఏమీ అనుకునేది కాదు. పట్టింది వదలదు మరి.

ఈసారి పట్టుకున్నది చిన్న విషయమేమీ కాదు. గాలి వేడెక్కితే మొలక కాడ సాగుతుంది, ఆకుల్ని నేల సెగకు దూరంగా ఎత్తుకుంటుంది. ఆ వేడిని మొదట పసిగట్టేది ఏది? ఏదో ప్రోటీన్ అని పెద్దల మాట. ఉడుంపట్టు కాదంది. జన్యువు దగ్గర్నుంచి కబురు మోసుకొచ్చే ఆర్ఎన్ఏ పోగే ఆ పని చేస్తుందంది. చల్లగా ఉన్నంతసేపూ ఆ పోగు మొదలు దగ్గర మడతపడి ఉంటుంది. పోగులో ఎదురెదురుగా ఉన్న రసాయన అక్షరాలు చేతులు పట్టుకున్నట్టు అతుక్కుని, కబురు చదవనివ్వవు. వెచ్చబడితే పట్టు సడలి మడత విచ్చుకుంటుంది. అప్పుడు కణం ఆ కబురు చదివి ఒక ప్రోటీన్ తయారుచేస్తుంది, ఆ ప్రోటీన్ వెళ్ళి ఎదుగుదల జన్యువుల్ని తట్టి లేపుతుంది. ఇదీ ఆమె వాదన.

మడతలో ఒకవైపు అక్షరాలు మార్చి చూపించింది కూడా. ఆ మొక్కలు చల్లటి గదిలోనూ బారెడు కాడలు వేశాయి.

ప్రయోగశాల నడిపే పెద్దసారు కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. "అక్షరాలు చెడగొట్టావు, మొక్క తిక్కగా పెరిగింది. చెడింది మడతేనని ఎలా నమ్మమంటావమ్మా? ఇంకేదైనా చెడి ఉండొచ్చుగా?"

"అయితే రెండోవైపు అక్షరాలు కూడా మారుస్తాను సార్. కొత్త అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకునేలా. అక్షరాలు వేరైనా మడత తిరిగొస్తుంది. దాంతోపాటు మొక్కకి వేడీ చలీ మళ్ళీ తెలిస్తే నమ్ముతారా?"

"నమ్మడం కాదు, నెత్తిన పెట్టుకుంటాను."

ఆ విత్తనాలు చేతికి రావడానికి తల ప్రాణం తోకకొచ్చింది. గసగసాలకన్నా సన్నటి విత్తనాలు. వాటిని పళ్ళేల్లో చల్లి చల్లటి గదిలో పెట్టింది. తీరా మొలకలొచ్చాక పళ్ళేలు పక్కపక్కన పెట్టి చూసింది. రెండువైపులా మార్చినవీ, ఒకవైపు మార్చినవీ, ఏమీ మార్చనివీ అన్నీ ఒకే తీరుగా సాగి ఉన్నాయి.

"నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఇన్నాళ్ళూ వాదించావు," అన్నాడు పెద్దసారు నెమ్మదిగానే. "ఇక నాలుగోది కూడా లెక్కపెట్టుకోమ్మా. వేరే పని చూద్దాం."

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె ముద్ద నోట పెట్టుకోకుండా కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంది. అత్తగారు చూసి చూసి అడిగింది.

"ఏమైందే అమ్మాయ్? మొక్కలు చచ్చాయా?"

"చావలేదు అత్తయ్యా. అన్నీ పొడుగ్గా పెరిగాయి."

"పెరిగితే ఏడుస్తారా ఎవరైనా?"

ఉడుంపట్టుకి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆగిపోయింది. అన్నీ ఎందుకు పెరిగాయి? ఏమీ మార్చని మొక్కలు చల్లటి గదిలో పొట్టిగా ఉండి తీరాలి కదా! అవి కూడా సాగాయంటే తప్పు మడతది కాదు, గదిది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి పళ్ళెంలో మట్టిలోకి వేలు గుచ్చింది. గోరువెచ్చగా ఉంది. గోడ మీది ఉష్ణమాపకంలో అంకె చల్లదనమే చూపిస్తోంది, కానీ కొత్తగా బిగించిన దీపాలు అరల మీదికి సెగ కొడుతున్నాయి. మొలకలు అబద్ధమాడలేదు, అంకె ఆడింది. దీపాలు మార్పించి, మట్టిలోనే ఉష్ణమాపకాలు గుచ్చి, చల్లటి గదిలోనూ వెచ్చటి గదిలోనూ మళ్ళీ విత్తింది.

ఈసారి పెద్దసారు ఒక షరతు పెట్టాడు. పళ్ళేల మీద చీటీలు తీసేసి తనకే తెలిసిన గుర్తులు వేశాడు. "కొలిచేది నేనే. నువ్వు గుమ్మం దాటి లోపలికి రాకూడదు."

ఆమె వరండాలో బల్ల మీద కూర్చుంది. కూర్చోలేక లేచింది. లేచి నిలబడలేక మళ్ళీ కూర్చుంది. లోపల సారు వెచ్చటి గదిలోంచి చల్లటి గదిలోకి, చల్లటి గదిలోంచి వెచ్చటి గదిలోకి తిరుగుతున్న చప్పుడు. ఎంతకీ తలుపు తెరుచుకోదే!

చివరికి తెరుచుకుంది. ఆయన రెండు చేతుల్లో రెండు పళ్ళేలు పట్టుకుని నిలబడ్డాడు. ఒకదానిలో మొలకలు మట్టికి అంటిపెట్టుకుని ఉన్నాయి. రెండోదానిలో నిటారుగా లేచి ఉన్నాయి.

"రెండూ ఒకే విత్తనం," అన్నాడు. "గుర్తు విప్పి చూశాను. రెండువైపులా మార్చినవే. ఇవి చలిలో పెరిగినవి, ఇవి వెచ్చగా పెరిగినవి. ఏమీ మార్చనివీ అచ్చం ఇంతే. ఒకవైపే మార్చినవి మాత్రం ఎక్కడ పెట్టినా తాడిచెట్లే."

ఆమె వంగి రెండు పళ్ళేల్లోకీ మార్చి మార్చి చూసింది.

"మడతేనమ్మా! నువ్వన్నట్టు మడతే!" పళ్ళేలు బల్ల మీద పెట్టేసి, ఆ పెద్దమనిషి వరండా పొడుగునా అందర్నీ కేకేశాడు. పక్క గదుల్లోంచి చేతి తొడుగులతోనే పరిగెత్తుకొచ్చారు. ఎవరో చప్పట్లు మొదలెట్టారు. ఉడుంపట్టు ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు.

ఆమె ఇంటికొచ్చేసరికి అత్తగారు ఫోన్లో తన ఆడపడుచుతో మాట్లాడుతోంది. ఉడుంపట్టు తన భర్తకి ఫోన్లో చెప్పిన కబురు ఆయన ముందే తల్లికి చేరవేసినట్టున్నాడు.

"మా కోడలు మొక్కలకి జ్వరం చూసే యంత్రం తయారుచేసిందే!"

"నేను చేయలేదు అత్తయ్యా, అది మొక్కలోనే ఉంది."

అత్తగారు ఫోను చేత్తో మూసి కసిరింది. "ఉంటే మాత్రం? ఇన్నాళ్ళూ ఎవరికైనా కనబడిందా? నువ్వూరుకో, నన్ను చెప్పుకోనీ."

ఉడుంపట్టు ఊరుకుంది. చెప్పులు విడిచి, అత్తగారి పక్కనే కాళ్ళు బారజాపుకుని కూర్చుని, ఆ గొప్పలన్నీ చెవులారా విన్నది.