ఉతకని గుడ్డ

బూడిద కోసం ఆ వారం చేయాల్సిన పనులన్నీ నా పరీక్ష అట్ట వెనక రాశాను. సూది లేని సిరంజితో రెండు గంటలకోసారి మెత్తటి మేత తాగించాలి. దానికి తోడుగా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన మగ కుందేలును వెతకాలి. రెండు బోన్లూ జానెడు ఎడంలో పెట్టాలి. రోజూ పొద్దున్నే దీని కింద పరిచిన గుడ్డ దానికీ, దాని గుడ్డ దీనికీ మార్చాలి. వారం తర్వాత రెండింటికీ కొత్తయిన చోట కలపాలి. చివరి సెమిస్టరుకు చదవాలి. ఈ ఆఖరిది డాక్టరు చెప్పింది కాదు, నేనే రాసుకున్నాను.

బూడిద మా మేనత్త కుందేలు. జత చనిపోయాక మేత ముట్టడం మానేసింది. తోడు కుదరకపోతే దక్కడం కష్టమన్నాడు పశువుల డాక్టరు.

అత్త లాండ్రీలో పనిచేసి నన్ను చదివించింది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే కాబట్టి నన్ను ‘డిగ్రీ’ అనే పిలిచేది. తనకు చదువు రాదు. అట్ట మీద ఉన్నది నేను చదువుతుంటే, పనికొక వేలు మడిచి గుర్తుపెట్టుకుంది.

కూరల కొట్టావిడ దగ్గర ఆపరేషన్ అయిన ఒంటరి మగ కుందేలు ఒకటి దొరికింది. తెల్లగా, ఒక చెవి మీద మచ్చతో ఉంది. అత్త దానికి ‘అల్లుడుగారు’ అని పేరు పెట్టింది.

వారం తర్వాత కలిపాం. బూడిద వెనక్కాలు నేలకేసి కొట్టి మీదికి దూకింది. అల్లుడుగారి బొచ్చు గాల్లోకి లేచింది.

"ఉప్పూ నిప్పూనే ఇవి" అంది అత్త, బూడిద వెన్ను తడుముతూ. ఎముకలు చేతికి తగులుతున్నాయి.

మర్నాడు తెల్లవారుజామునే మెలకువ వచ్చింది. చూస్తే, అత్త ఒక చిన్న గుడ్డను ఇస్త్రీ చేస్తోంది. సబ్బు వాసన వస్తోంది.

"ఏంటత్తా అది?"

"అల్లుడుగారి గుడ్డ. బూడిదకు వేయాలిగా."

"ఉతికావా?"

"ఉతక్కుండా ఎలా ఇస్తానే? ఒకళ్ళ మాసిన గుడ్డ ఇంకొకళ్ళకు ఇచ్చిన చెయ్యా ఇది?"

"రోజూ ఉతికావా?"

"గంజి మాత్రం పెట్టలేదులే."

"అత్తా, మార్చమన్నది వాసన కోసమే. ఒకదాని వాసన ఇంకొకదానికి అలవాటు కావాలని."

అత్త ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. "ఆ ముక్క నీ అట్ట మీద ఉందా?"

లేదు.

"చదవేస్తే ఉన్న మతి పోయిందట" అంది. తిట్టినట్టు కాదు, అలసిపోయినట్టు.

ఆ రోజు నుంచి మాసిన గుడ్డను రెండు వేళ్ళతో అంచు పట్టుకుని, మొహం పక్కకు తిప్పి మార్చేది. ముప్పై ఏళ్ళ పనిలో తన చేతి మీదుగా అలాంటిది ఏనాడూ వెళ్ళలేదు.

ఇంకో వారం పోయాక ఆదివారం వచ్చింది. మూసి ఉన్న లాండ్రీలో ఇస్త్రీ బల్ల కింద దుప్పటి పరిచి రెండింటినీ వదిలాం. అత్త నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. చాలాసేపు అవి ఎడమొహం పెడమొహంగా కూర్చున్నాయి. తర్వాత బూడిద వెళ్ళి అల్లుడుగారి ముందు తల వంచింది. అది దీని నుదురు నాకింది. సాయంత్రం బూడిద క్యారెట్ ఆకు ఒకటి తనంతట తానే నోట్లో పెట్టుకుంది. "నమిలిందే" అంది అత్త, అది నాకు కనపడటం లేదన్నట్టు.

ఇప్పుడు ఆ కుందేళ్ళు లేవు. అత్తా లేదు. అట్ట మాత్రం నా బీరువాలో ఉంది.

లాండ్రీ నుంచి వచ్చిన బట్ట మడత విప్పినప్పుడు, ఒక్క కుందేలు కోసం ఉతకని గుడ్డను చేతులారా అందించిన మా అత్తను ఒకసారి తలుచుకోండి.