పడవలో ఉమాపతి గారు

ఉమాపతి నోట్లో నువ్వుగింజ నానదని ఏలూరులో ఆయన శివాలయానికి వచ్చేవాళ్ళందరికీ తెలుసు. అభిషేకానికి ఎవరు కూర్చున్నా సరే, గోత్రం అడిగేలోపే "మా హరిణి కొల్లేట్లో పక్షుల ఫోటోలు తీయించడానికి జనాన్ని తీసుకెళ్తుందండీ" అన్న మాట వచ్చేస్తుంది. అలాంటి మనిషిని పొద్దుణ్ణించి సాయంత్రం దాకా నోరు మెదపకుండా కూర్చోమంటే శిక్ష కాక మరేమిటి? అయినా తన ట్రిప్పు చూడటానికి వస్తానన్నందుకు కూతురు ఆ షరతే పెట్టింది, ఆయన ఒప్పుకున్నాడు.

"వ్యాను ఎక్కింది మొదలు ట్రిప్పు అయ్యేదాకా మీరు మా నాన్నగారు కాదు. ఉమాపతి గారు. పేరు రాయించుకుని వచ్చిన అందరిలాంటివారే," అని ముందురోజే కచ్చితంగా చెప్పేసింది.

ఆ పిల్ల మాటలో అన్యాయమేమీ లేదు. ఇన్నాళ్ళూ ఒక పెద్ద గైడు వెనకాల సాయంగా తిరిగింది. ఒంటిచేత్తో నడపబోయే మొదటి ట్రిప్పు ఇదే. పోయిన నెలలో ఆమెను రేవు దగ్గర దిగబెట్టడానికి వెళ్ళిన ఉమాపతిని ఒకాయన పట్టుకుని, పడవను సరిగ్గా గూళ్ళ కిందికే పోనివ్వమని మీ అమ్మాయికి మీరైనా చెప్పండి అన్నాడు. ఉమాపతిది మెత్తని ప్రాణం. "పోనీలేమ్మా, పెద్దాయన అడుగుతున్నారు కదా" అనేశాడు. నలుగురిలో తండ్రి మాట తీసెయ్యలేక హరిణి ముఖం ఎర్రబడింది. ఆరోజు పెద్ద గైడు అడ్డుపడ్డాడు. ఈరోజు అడ్డుపడేవాళ్ళు లేరు. తండ్రి పక్కనే ఉన్నాడని తెలిస్తే ఇక ఆమెతో ఎవరూ మాట్లాడరు, ఏం కావాలన్నా ఆయన్నే అడుగుతారు. అలాంటప్పుడు ఆమె గైడు అయినట్టా, కానట్టా?

"మీరు ఉండగలరా అలా?" అని భార్య సీతారావమ్మ నవ్వింది.

"మౌనవ్రతం అనుకుంటానే," అన్నాడు ఉమాపతి.

కెమెరా లేకపోతే అనుమానం వస్తుందని హరిణి తన పాత కెమెరా ఆయన మెడలో వేసింది. పంచె, విభూతి రేఖలు, రుద్రాక్షలు, వాటి మీద కెమెరా. అద్దంలో చూసుకుని ఆయన తనలో తాను కాస్త మురిసిపోయాడు కూడా.

వ్యానులో పెంటపాడు నుంచి వచ్చిన శేషగిరిరావు, ఆయన భార్య అచ్చాయమ్మ, తాడేపల్లిగూడెం కాలేజీ లెక్చరర్లు ఇద్దరు ఉన్నారు. శేషగిరిరావు వరి పండించే పెద్ద రైతు. ఆయన కెమెరా లెన్సు మోచేతి పొడుగుంది. దాన్ని ఒడిలో పెట్టుకుని మనవడిని ఎత్తుకున్నట్టు పట్టుకున్నాడు. అచ్చాయమ్మ మాత్రం ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఎక్కినప్పటినుంచీ ఉమాపతినీ హరిణినీ మార్చి మార్చి చూస్తోంది.

రేవులో పడవ నడిపే అబ్రహాం అన్నీ సిద్ధంగా ఉంచాడు. ఎక్కబోయే ముందు హరిణి అందరినీ నిలబెట్టి చెప్పింది.

"ఇప్పుడు మనం వెళ్ళే లంకలో తుమ్మచెట్ల నిండా గూడబాతుల, అదే పెలికాన్ల గూళ్ళున్నాయండీ. తల్లి లేస్తే కాకి దిగుతుంది. గుడ్డూ దక్కదు, పిల్లా దక్కదు. అందుకని ఎవరివల్ల పక్షి లేచినా, వాళ్ళ కెమెరా ఇక సాయంత్రం దాకా సంచిలోనే ఉంటుంది. ఎవరైనా సరేనండీ."

గొంతు పెంచలేదు, బతిమాలనూ లేదు. ఇది మా పిల్లేనని అరవాలనిపించి ఉమాపతి రెండు గుటకలు మింగాడు.

పడవ కిక్కిసగడ్డి మధ్య సన్నని దారిలో గంటసేపు సాగింది. హరిణి ఎవరి పక్కన కూర్చుంటే వాళ్ళకు చెబుతోంది. వెలుగు ఎటునుంచి పడుతోందో, నీళ్ళ మెరుపు కంట్లో కొట్టకుండా కెమెరా ఎలా వంచాలో, ఎక్కడ ఊపిరి బిగబట్టాలో. కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్ళిద్దరూ బుద్ధిగా వింటున్నారు. ఉమాపతికి మాత్రం ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. చెబుతున్న మనిషినే చూస్తూ కూర్చున్నాడు.

అబ్రహాం మోటారు ఆపేసి గెడ వేశాడు. గడ్డి మలుపు తిరిగేసరికి లంక కళ్ళెదుట పడింది. చెట్టు చెట్టుకీ, కొమ్మ కొమ్మకీ గూడబాతులు. ఒక్కొక్కటీ చంటిబిడ్డంత ఉంది. పొద్దుటెండ రెక్కల మీద పడి చెట్లన్నీ తెల్లగా వెలుగుతున్నాయి. ఉమాపతి ఒళ్ళు పులకరించింది. అంత అందం కనబడితే, నలభై ఏళ్ళుగా గర్భగుడిలో హారతి వేళ శివనామం పలికిన ఆ గొంతు ఏం చేస్తుంది? అలవాటైన పనే చేసింది.

"హర హర మహాదేవ!"

మైకు లేకుండా నాలుగు వీధులకు వినబడే గొంతు అది. దగ్గర చెట్టు మీదున్న గూడబాతులన్నీ ఒక్కసారిగా లేచాయి. లెక్చరర్ల కెమెరాలు టకటకమన్నాయి. ఎక్కడినుంచి వచ్చాయో, రెండు కాకులు గూళ్ళ మీద దిగాయి. అదృష్టం బాగుండి తల్లులు తొందరగానే తిరిగొచ్చి వాటిని తరిమేశాయి.

ఉమాపతికి తల కొట్టేసినట్టయింది. హరిణి ఆయన ముందుకు వచ్చింది.

"ఉమాపతి గారూ, కెమెరా సంచిలో పెట్టెయ్యండి."

"పొరపాటైపోయిందండీ."

"తెలుసండీ. అయినా పెట్టెయ్యండి."

ఆయన పెట్టేశాడు. అవమానంతో చెవులు వేడెక్కాయి. కానీ ఆ వేడి చల్లారకముందే లోపలినుంచి ఒక సంతోషం పొంగుకొచ్చింది. కన్నతండ్రిని కూడా వదల్లేదు. వదిలేస్తుందేమోనని ఆయన ఒక్క క్షణం ఆశపడ్డ మాట నిజమే. వదలనందుకే ఇప్పుడు గర్వంగా ఉంది.

పక్షులు లేచిన సమయానికి శేషగిరిరావు లెన్సు తుడుచుకుంటున్నాడు. ఎగిరే పక్షి ఒక్కటీ ఆయనకు దొరకలేదు. కాసేపు ఓపిక పట్టి, ఇక ఉండలేక ఉమాపతివైపు ఒరిగాడు.

"పంతులుగారూ, మీ కెమెరా ఎలాగూ సంచిలోకి పోయింది. మీకింక పోయేదేముంది? ఆ మహాదేవ ఇంకొక్కసారి అనండి, నేను తీసుకుంటాను."

లెక్చరర్లు నవ్వారు. హరిణి నవ్వలేదు.

"కుదరదండీ. ఆయన అంటే పడవ వెనక్కి తిప్పించేస్తాను."

శేషగిరిరావు ముఖం మాడింది. "ఏమ్మాయ్, ఇందాకటినుంచీ చూస్తున్నాను. పెద్దాయన, దేవుణ్ణి తలచుకున్నాడు. ఆ మాత్రానికి చంటిపిల్లాడి చేతిలో బొమ్మ లాక్కున్నట్టు లాక్కున్నావు. పరాయివాడు కాబట్టి సరిపోయింది. మీ ఇంటి మనిషయితే ఇలాగే చేస్తావా?"

ఉమాపతి నోటిదాకా వచ్చింది జవాబు. పళ్ళబిగువున ఆపుకున్నాడు. మాట ఇచ్చాడు మరి. హరిణి ఆయనవైపు చూసింది, గూళ్ళవైపు చూసింది.

"ఆయన మా నాన్నగారండీ," అంది.

లెక్చరర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అచ్చాయమ్మ ఒక్కర్తే, "నాకు ఇందాకే తెలుసు. ఇద్దరిదీ ఒకటే ముక్కు, అదే చెబుతోంది," అని గొణిగింది. శేషగిరిరావు తేరుకుని, హరిణి ఏ మాటకు భయపడిందో సరిగ్గా ఆ మాటే అన్నాడు.

"అయితే ఇంకేం, తండ్రే కదా, మీరు చెప్పండి పంతులుగారూ. మీ మాట కాదంటుందా?"

ఇప్పుడు అందరూ ఉమాపతినే చూస్తున్నారు. హరిణి చూడటం లేదు. పడవ అంచు పట్టుకున్న ఆమె చేతివేళ్ళు తెల్లబడటం ఆయనకు కనబడింది. పోనీలేమ్మా అన్న మాట ఎంత తేలిగ్గా వస్తుందో ఆయనకు తెలుసు. నిన్నటిదాకా అది మంచితనమనే అనుకున్నాడు.

"గుళ్ళో నేను చెబుతానండీ, అందరూ వింటారు," అన్నాడు నెమ్మదిగా. "ఇక్కడ మా అమ్మాయి చెబుతుంది. నేనే వింటున్నాను కదా, మీరూ వినండి."

శేషగిరిరావు ఇంకేదో అనబోయాడు. అచ్చాయమ్మ ఆయన మోచేయి పట్టి కూర్చోబెట్టి, "ఆ పిల్ల ఎటు చూడమంటే అటు చూడండి ముందు," అంది.

హరిణి వచ్చి శేషగిరిరావు పక్కన చతికిలబడింది. అంతవరకూ ఏమీ జరగనట్టే లెన్సు పక్కచెట్టు వైపు తిప్పించింది. ఎండ ఎక్కింది, అబ్రహాం ఒక కునుకు తీశాడు. చివరకు ఒక గూడబాతు చేపల చెరువులవైపునుంచి వచ్చి గూటిమీద దిగి నోరు తెరిచింది. గూటిలోని పిల్ల మెడదాకా తల్లి ముక్కు కింది సంచిలో దూరిపోయి చేప తింది. శేషగిరిరావు కెమెరా ఆగకుండా మోగింది. తీసినది ఆయన తెరమీద రెండుమూడు సార్లు తిప్పి తిప్పి చూసుకున్నాడు. తరవాత దాన్ని హరిణికి చూపించి, "బాగుందాండీ?" అని అడిగాడు. పొద్దుణ్ణించి అమ్మాయ్ అని పిలిచిన మనిషి అండీ అనడం ఉమాపతి చెవికి మంగళవాద్యంలా వినిపించింది.

మర్నాడు గుడికి వచ్చినవాళ్ళు ఊరుకుంటారా?

"కొల్లేరు వెళ్ళారట కదండీ. ఏవీ, ఫోటోలు చూపించండి."

"ఒక్కటీ లేదండీ," అన్నాడు ఉమాపతి తీర్థం ఇస్తూ. "మా అమ్మాయి తియ్యనివ్వలేదు."

ఆ మాట ఆయన ఆ ఉదయం వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పాడు. అడగనివాళ్ళకి కూడా చెప్పాడు.