పొగకు అవతలి వైపు

"వదినా, పొగ చాల్లేదు. ఇంకొంచెం వెయ్యి."

వాకీటాకీలో లావ్ వెయ్ గొంతు గరగరలాడుతుంది, ఫోటోలు తీసేవాళ్లను మా ఊరికి తీసుకొచ్చేది అతనే. నేను తడిగడ్డి ఒక దోసెడు తీసి మంట మీద పరుస్తాను. ఎండుగడ్డి బాగా అంటుకున్నాకే తడిగడ్డి వెయ్యాలి. తొందరపడితే నిప్పు చచ్చిపోతుంది, ఆలస్యం చేస్తే మంట పైకి లేస్తుంది. మంట కనిపిస్తే ఫోటో పాడైపోతుందట. తొమ్మిదేళ్లుగా నా పని అదే, మంట కనపడకుండా పొగ పంపడం. ఆ వాకీటాకీకి పక్కన ఒక మీట ఉంది, మాట్లాడాలంటే అది నొక్కాలి. నేనెప్పుడూ నొక్కలేదు. నాది వినే పని.

కర్పూరం చెట్ల వెనక నా చోటు. చెట్లకు అటువైపు వాలు మీద కెమెరాలు వరసగా నిలబడి ఉంటాయి. ఆ కెమెరాల వాళ్లంతా నెల రోజుల ప్రయాణం మీద వచ్చినవాళ్లు. యునాన్‌లో వరిమళ్లు, బర్మాలో ఒంటికాలితో తెడ్డు వేసే జాలర్లు, వియత్నాంలో లాంతర్ల ఊరు, మధ్యలో మా లోయకు ఒకటి రెండు ఉదయాలు. మా ఆయన యౌఫా వెదురు టోపీ పెట్టుకుని, తాటిపీచు గొంగడి కప్పుకుని, భుజాన నాగలితో ఎద్దును తోలుకుంటూ చెట్ల మధ్య నుంచి నడుస్తాడు. ఆయన నేల దున్ని పదిహేనేళ్లయింది. ఆ నాగలికి కర్రు కూడా లేదు.

తెల్లారకముందే లేచి గంజి కాచి, ఎద్దుకు చిలగడదుంప తొక్కలు పెట్టి, ఆయన టోపీ వెతికిచ్చి, గడ్డి తడిపి బుట్టకెత్తుకుని ముందుగా నేను వెళతాను. తిరిగొచ్చాక మా అత్త గుమ్మంలోనే ఆపుతుంది. "ఆ కంపుతో వంటింట్లోకి రాకే, గంజి నోట పెట్టబుద్ధి కాదు." స్నానం చేసి వచ్చి ఆ గంజే వెచ్చబెట్టి ఆవిడకు పోస్తాను. దగ్గొస్తే పెరట్లోకి వెళ్లి దగ్గుతాను. చెట్ల వెనక కూర్చున్నప్పుడు మాత్రం ఎవరూ ఏమీ అనరు. ఎండ నా వీపు మీద పడుతుంది, పొగ నా ముందు నుంచి లేచి అటు వెళ్లిపోతుంది. ఇటు నుంచి చూస్తే అది బూడిదరంగు గోడ, అంతే. ఆ గోడలో ఒక్కోసారి మా అమ్మ కనిపిస్తుంది, సముద్రంలో నాచు ఏరుతూ నడుము లోతు నీళ్లలో. ఒక్కోసారి పదిహేడేళ్ల నేను, జడ విప్పుకుని. పలకరించేలోపే ఇద్దరూ అటువైపు, కెమెరాల వైపు వెళ్లిపోతారు. అటు వెళ్లాక వాళ్లేమవుతారో నాకు తెలీదు.

కిందటేడు శరత్కాలంలో జిల్లా పట్నంలో ఫోటోల ప్రదర్శన పెట్టారు. గోడంత ఫోటోలో మా ఆయన. చుట్టూ బంగారు కడ్డీల్లా వెలుగు దిగుతోంది. నేను ఆయన కోటు పట్టుకుని పక్కన నిలబడ్డాను. "ఆ వెలుగు ఎలా వచ్చిందండీ?" అని ఎవరో అడిగారు. "మా లోయలో మంచు అంతేనండి. నేను అడుగు పెడితే దిగుతుంది," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా చేతిలోని కోటు పొగ వాసన వేస్తోంది. మళ్లీ ఫోటో వంక చూశాను. బాగానే ఉంది, కానీ అందులో పొగ ఆగిపోయి ఉంది. నాకు తెలిసిన పొగ ఎక్కడా ఆగదు.

ఇంటికొచ్చే బస్సులో అడిగాను. "ఒక్కరోజు అటువైపు నుంచి చూస్తానయ్యా."

"అక్కడ చూడ్డానికేముంది, నేనే కదా! ఇంట్లో చూడ్డం చాలట్లేదా?"

"నేను అటొస్తే పొగ ఎవరు వేస్తారు?"

"ఎవరైనా వేస్తారు. గడ్డి కాల్చడం కూడా ఒక విద్యా?" అని కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. ఎవరైనా వేస్తారన్న మాట చలికాలమంతా నాతోపాటు లేచింది, నాతోపాటు పడుకుంది. ఎవరైనా వెయ్యగలిగినప్పుడు నేనెందుకు లేవలేకపోతున్నాను?

మొన్న పినాంగ్ నుంచి వచ్చిన ఖూ గారు, డెబ్భై ఏళ్ల మనిషి, మెడలో రెండు కెమెరాలు, చాటు వెతుక్కుంటూ చెట్ల వెనక్కి వచ్చి నన్ను చూసి ఉలిక్కిపడింది.

"అయ్యో, ఇక్కడ మనిషి ఉందా! నేను మంచనుకున్నానమ్మా."

"పొగండి. మంచు మేమొద్దన్నప్పుడు వస్తుంది."

ఆవిడ దగ్గొచ్చేదాకా నవ్వింది. "ముప్పై ఏళ్లుగా ఆసియా అంతా తిరుగుతున్నాను. మంచి వెలుగు కోసం ఎక్కని కొండ లేదు. వెలుగు వెనక్కి వెళ్లి ఎప్పుడూ చూడలేదు." కెమెరా ఎత్తింది. "ఒకటి తియ్యనా?"

"వద్దండి. అటువైపు ఎలా ఉంటుందో చెప్పండి, చాలు."

కెమెరా దించింది. "చెప్తే అది రాదమ్మా. నువ్వే రావాలి. రేపు కూడా ఉంటాం."

మర్నాడు అన్నీ ఎప్పట్లాగే చేశాను. ఎండుగడ్డి పేర్చాను, తడిగడ్డి బుట్ట పక్కన పెట్టాను, అగ్గిపెట్టె రాయి మీద ఉంచాను. ఆ తర్వాత కాలవగట్టు చుట్టూ నడిచి వాలెక్కాను. ఖూ గారు తన మడతకుర్చీ నాకిచ్చి నిలబడింది.

ఆయన ఎద్దుతో వచ్చాడు. పొగ లేని ఎండలో అన్నీ కనిపిస్తున్నాయి. గొంగడి కింద ప్లాస్టిక్ బూట్లు, ఎద్దు తోకకు ఎండిన పేడ, కర్రు లేని నాగలి. ఇంట్లో చూసే మనిషే.

"వదినా, పొగ!" అన్నాడు లావ్ వెయ్. నా ఒళ్లో ఉన్న వాకీటాకీలోంచి అదే మాట ఇంకోసారి వినిపించింది. అందరూ నా వైపు తిరిగారు.

"వదినా! నువ్విక్కడున్నావేంటి?"

"చూద్దామని వచ్చాను."

"మరి పొగ?"

"గడ్డి సిద్ధంగానే ఉంది తమ్ముడూ. ఎవరైనా వెయ్యొచ్చన్నాడు మీ అన్నయ్య."

లావ్ వెయ్ తన వాకీటాకీ పట్టుకుని కిందికి పరిగెత్తాడు. ఏదో చెప్పి, అది ఆయన చేతికిచ్చాడు. మా ఆయన తలెత్తి వాలు మీద నన్ను వెతికి పట్టుకున్నాడు. "ఏమే, పిచ్చి పట్టిందా? లేచి రా!"

నా మోకాళ్లు లేవబోయాయి. వాటికి అదే అలవాటు. నన్నెవరూ ఆపలేదు. కుర్చీ అంచును రెండు చేతులా పట్టుకున్నాను.

ఎండ పైకెక్కుతోంది. ఇంకో పావుగంట దాటితే వీళ్లు ఫోటో తియ్యడానికి ఏమీ ఉండదని ఆయనకీ తెలుసు. తాడు వదిలేసి, నాగలి కింద పడేసి చెట్ల వెనక్కి వెళ్లాడు. ముందు ఎర్రగా లేచింది. "మంట! మంట కనిపిస్తోంది!" అని అందరూ అరిచారు. తర్వాత దగ్గు. ఆ తర్వాత, మెల్లగా, పొగ.

మొదట చెట్ల కాళ్ల మధ్య పాకింది. ఎండ తగలగానే ఒక్కో కొమ్మ సందు నుంచి ఒక్కో వెలుగు కిందికి దిగి, నడిచి, పక్కదానితో కలిసి, విడిపోయింది. మా అమ్మ, జడ విప్పుకున్న నేను, పొగలోంచి ఇటు వచ్చినవాళ్లెవరూ మాయమైపోలేదు. అందరూ ఇక్కడే ఉన్నారు, వెలుగులో నిలబడి. ఎద్దు కాసేపు ఆగింది. దారి దానికి తెలుసు. తలూపుకుంటూ ఒక్కటే ఆ వెలుగులోంచి నడిచొచ్చింది. వరసంతా కెమెరాలు టకటకలాడాయి. మనిషేడీ అని ఎవరూ అడగలేదు.

ఒళ్లో వాకీటాకీ గరగరలాడింది. దగ్గుల మధ్య ఆయన గొంతు. "సూచిన్... చాలా? ఇంక చాలా?"

మీట ఎక్కడుందో వేలితో తడిమి, గట్టిగా నొక్కాను.

"చాల్లేదు. ఇంకొంచెం వెయ్యి."