నా ముందు కూర్చునే మనిషి

నేను ఒక కంప్యూటర్‌ని. చూడటానికి మాత్రం పెళ్లివారి విడిదింటిలా ఉంటాను. ఒక పక్కంతా అద్దం, లోపల ఎరుపు, నీలం, ఆకుపచ్చ దీపాలు. ఆటలాడే కుర్రాళ్ల కోసం నన్ను తయారుచేశారు. ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నాను, తెనాలిలో ఒక గేమ్స్ సెంటర్లో. పొద్దస్తమానం తుపాకులు పేలుస్తూ కుర్రాళ్లు నన్ను తెగ మెచ్చుకుంటారు. ఆ మెప్పు నాకు పట్టదు. రేపల్లెలో ఒకావిడ దగ్గర ఉన్న రోజులే తలుచుకుంటూ ఉంటాను.

రేపల్లెలో పెళ్లిళ్ల వీడియోలు తీసే శేషగిరి విజయవాడ షాపుకొచ్చి, ఎడిటింగ్‌కి మంచి కంప్యూటర్ కావాలన్నాడు. షాపతను మర్యాదస్తుడు. "దాని ముందు కూర్చునేది ఎవరండీ? వాళ్లకేం కావాలో తెలిస్తే మంచిది చూపిస్తాను" అన్నాడు.

"ఎవరో ఏంటండీ, నేనే!"

"అయితే చెప్పండి."

"మధ్యలో ఆగకూడదట. రంగులు ఉన్నవున్నట్టు కనపడాలట."

షాపతను మూలనున్న నల్లటి పెట్టెనూ దాని తెరనూ చూపించాడు. మెమరీ ఎక్కువనీ, ఆ తెరలో రంగు మోసం చెయ్యదనీ చెప్పాడు. శేషగిరి దాన్ని బియ్యం డబ్బాను చూసినట్టు చూశాడు. తర్వాత ఆయన కళ్లు నా మీద పడ్డాయి. "ఇదైతే స్టూడియోకొచ్చినవాళ్లు నోరెళ్లబెట్టాల్సిందే" అన్నాడు. షాపతను ఇది ఆటలదండీ అని ఒకటికి రెండుసార్లు చెప్పి చూశాడు. పాపం, ఎంతని చెప్తాడు. నన్ను, నాతోపాటు ధగధగలాడే నా తెరను ఆటోలోకి ఎక్కిస్తుంటే నేను పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇంటికెళ్లాక తెలిసింది, నా ముందు కూర్చునేది ఆయన కాదు, ఆయన భార్య సామ్రాజ్యం. ఆయన తీసుకొచ్చిన వీడియోను కత్తిరించి, అతికించి, పాటలు వేసి సినిమాగా చేసేది ఆవిడే. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు.

"నేనూ వస్తానంటే ఎండలో నువ్వెందుకన్నారు. నేను చెప్పిన రెండు ముక్కలూ అక్కడ చెప్పారా?" అని అడిగింది.

"చెప్పానే! వాడు ఇదే బెస్టన్నాడు."

ఆవిడ నా దీపాల వంక చూసి, కుర్చీ లాక్కుంది.

ఆమె పనితనం చూడాలి. అప్పగింతల దగ్గర ఏడ్చేవాళ్లను అందరూ చూపిస్తారు. ఆమె ఏడుపు ఆపుకుంటున్నవాళ్లను వెతికి పట్టుకునేది. అలాంటి మనిషికి నేను దొరికాను. నాలుగు కెమెరాల బొమ్మలు ఒక్కసారి వేస్తే తాళి సగంలో ఉండగా బిగుసుకుపోయేవాణ్ణి. ఆమె తల పట్టుకుని మళ్లీ మొదలుపెట్టేది. అంతకంటే పాపం నా తెరది. ఆటల తెర కదా, ప్రతి రంగునూ రెట్టించి చూపేది. ఒక పెళ్లి వీడియోలో పెళ్లికూతురి ముఖం మరీ ఎర్రగా ఉందని ఆమె ఆ ఎరుపు తగ్గించింది. నాలో చూస్తే ముఖం చక్కగా ఉంది.

వీడియో ఇచ్చి వారం తిరక్కుండా ఆ పెళ్లికూతురి తండ్రి బసవయ్య వచ్చాడు.

"ఏమయ్యా శేషగిరీ, టీవీలో మా పిల్ల జ్వరపడి లేచినట్టుందేంటి? చూసినోళ్లంతా అడుగుతున్నారు. ఇదేనా నీ పని?"

శేషగిరి లోపలి గది వైపు చూపించాడు. "నేను కాదండీ, మా ఆవిడ చేసింది. ఈసారి నేనే దగ్గరుండి చూసుకుంటాను."

గది తలుపు తీసే ఉంది. మౌస్ మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. తప్పు నాది తల్లీ అని అరవాలనిపించింది. నాకు స్పీకర్లున్నాయి గానీ నోరు లేదు.

తప్పెక్కడుందో ఆమెకు అర్థమైంది. నన్ను నమ్మడం మానేసింది. రంగు కొంచెం మార్చడం, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించడం, హాల్లో టీవీలో చూసి రావడం, మళ్లీ మార్చడం. ప్రతి ముఖానికీ అలాగే తిరిగింది. మధ్యలో నేను ఆగిపోతే ఓపిగ్గా కూర్చునేది. ఆ అమ్మాయి ముఖంలోకి నెత్తురు తిరిగొచ్చాక పంపించింది.

బసవయ్య స్వీటు డబ్బా పట్టుకుని వచ్చాడు. "ఇదయ్యా పనంటే! మా ఇంటిదైతే చూసిందే చూస్తోంది. ఈసారి నువ్వే కూర్చున్నావు కదూ?"

శేషగిరి లోపలి గది వైపు చూశాడు. ఆమె కూడా చూస్తోంది. నేనైతే ప్రాణాలు ఉగ్గబట్టుకున్నాను. ఒక్క మాట చాలు, ఆ మనిషి పడ్డ కష్టమంతా తీరిపోతుంది.

"ఆఁ, నేనే కూర్చున్నానండీ" అన్నాడు.

బసవయ్య వెళ్లాక ఆమె చేస్తున్న పనంతా జాగ్రత్తగా సేవ్ చేసింది. లేచి, కుర్చీని ఆయన వైపు తిప్పింది.

"కూర్చోండి మరి" అంది.

కోపంగా కూడా అనలేదు. వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆయన కూర్చుని మౌస్ పట్టుకున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనకు తెలియలేదు. నన్ను అమ్మేసేదాకా ఆమె మళ్లీ నా ముందుకు రాలేదు.