ఉతకని చొక్కా

మ్యూజియం అంటే చచ్చినవాళ్ళ సామాన్లు దాచిపెట్టే కొంప అని ఇస్త్రీ పెద్దమ్మకు గట్టి నమ్మకం. అలాంటి చోటికి తన బొగ్గుల ఇస్త్రీపెట్టె తనకంటే ముందే వెళ్ళిపోయిందని ఆరు నెలలుగా సణుగుతూనే ఉంది. ఇచ్చింది ఎవరు? తనే! లాండ్రీ మూసేసిన రోజు మ్యూజియం వాళ్ళు వచ్చి బతిమాలితే, "పట్టుకుపోండి, ఇంట్లో ఉంటే కాళ్ళకు తగులుతోంది" అని తన చేత్తోనే ఇచ్చింది. ఇచ్చాక రెండు రోజులు అన్నం సయించలేదు, అది వేరే సంగతి.

ఇప్పుడు "పాత వృత్తుల గది తెరిచాం, మీ వస్తువు చూసుకోవడానికి రండి" అని ఉత్తరం వచ్చింది. కొడుకు బస్సు డ్రైవరు, వాడికి సెలవు దొరకలేదు. కోడలు తీసుకెళ్ళింది. వీధిలో మాటలు నేర్చే పిల్లల దగ్గర్నుంచి పళ్ళూడిన ముసలాళ్ళ దాకా అందరికీ ఆమె ఇస్త్రీ పెద్దమ్మే. యాభై ఏళ్ళు వాళ్ళందరి ముడతలూ సరిచేసింది మరి. కోడలికి మాత్రం అత్తయ్య. ఆ ఇద్దరికీ ఒకరినొకరు దెప్పుకోకపోతే పొద్దు గడవదు. చూసేవాళ్ళు పోట్లాట అనుకుంటారు గానీ, ఒకరికి జ్వరం వస్తే రెండోవాళ్ళు మంచం దగ్గర్నుంచి కదలరు.

పొద్దుటినుంచీ ఒకటే ముసురు. మ్యూజియం మెట్ల నిండా బురద అడుగులు, లోపల తడి గొడుగుల వాసన. హాల్లో దీపాలు సగం వెలుగుతున్నాయి, సగం లేవు.

"ఇదేం చీకటే బాబూ, దొంగవెధవక్కూడా దారి కనపడదు" అంది పెద్దమ్మ.

"వెలుతురు ఎక్కువైతే పాత వస్తువులు పాడైపోతాయట అత్తయ్యా. అక్కడ రాసుంది."

"అయితే నన్నూ ఇక్కడే కూర్చోబెట్టి పో. ఇంకో పదేళ్ళు నిక్షేపంగా ఉంటా."

"మిమ్మల్ని వాళ్ళు భరించొద్దూ? వారం తిరక్కుండానే ఆటో ఎక్కించి పంపిస్తారు."

ఇస్త్రీపెట్టెను అద్దాల బీరువాలో పెట్టారు. మూత తెరిచి, లోపల బొగ్గుల చోట నల్లరంగు వేసిన రాళ్ళు పోశారు. పెద్దమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు దాని చుట్టూ తిరిగింది. ఇంత మెరుపు దానికి ఎన్నడూ లేదు. తోమి తోమి దాని మొహమే మార్చేశారు. పిడి మీద తన వేళ్ళు అరగదీసిన పల్లం మాత్రం అలాగే ఉంది. అద్దం మీద వేలు పెట్టి ఆ పల్లం చూపించింది.

"మీ పేరు కూడా అచ్చేశారు అత్తయ్యా. ఇక మీతో మాట్లాడాలంటే చీటీ పంపించాలి కాబోలు."

"చాల్లే, పద. కాళ్ళు లాగుతున్నాయి."

బయటికి వెళ్ళే దారి పక్క గదిలోంచి ఉంది. గుమ్మం మీద 'మహా వరద' అని బోర్డు చూసి పెద్దమ్మ ఆగిపోయింది.

"నాకెందుకే అది? కళ్ళారా చూసినదాన్ని."

"దారి ఇటేనట. కళ్ళు మూసుకోండి, చెయ్యి పట్టుకుని నడిపిస్తా."

నలభై ఒక్క ఏళ్ళ నాటి వరద అది. గోడల నిండా విరిగిన వంతెన ఫోటోలు. నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయో చూపించడానికి గోడకు నీలిగీత గీశారు. ఆ గీత కోడలి తల మీదుగా పోయింది. మూలన ఒక అద్దాల పెట్టెలో, చేతులు చాపి పలకకు గుచ్చిన చొక్కా ఒకటి ఉంది. ఒకప్పుడు తెలుపో నీలమో గానీ, ఇప్పుడు బురద రంగు తప్ప వేరే రంగు లేదు. మడిచిన కాలరును కొంచెం పైకెత్తి, పక్కన చిన్న గుడ్డముక్క ఒకటి పెట్టారు. కోడలికి బోర్డు కనపడితే చదవకుండా ముందుకు కదిలే అలవాటు లేదు.

"'గుర్తు తెలియని పురుషుడి చొక్కా'" అని మొదలుపెట్టింది. "'వరద వచ్చిన మూడో రోజున పాత వంతెన దిగువన దొరికిన మృతదేహం మీదిది. కాలరు లోపల ఎర్రదారంతో కుట్టిన గుర్తు, గుండీ పెట్టిన జేబులో ఒక ఉన్ని గుడ్డముక్క ఉన్నాయి. ఇలాంటివి దిష్టి తగలకుండా, ప్రయాణంలో ఆపద రాకుండా కాపాడతాయని అప్పటి జనం నమ్మేవారు. ఈ చొక్కా కోసం ఎవరూ రాలేదు.'"

పెద్దమ్మ ఫక్కున నవ్వింది. "దిష్టా? వీళ్ళ మొహం! లాండ్రీ గుర్తే అది! ఇంత చదువుకుని, తమ చొక్కాలు ఎవరు ఉతుకుతున్నారో ఒక్కసారైనా తిప్పి చూసుకోలేదన్నమాట."

"ఖాయంగా లాండ్రీదేనా?"

"నా దగ్గరా నీ అనుమానం? సిరా గుర్తు బాయిలర్లో పోతుందని మేమే దారంతో కుట్టేవాళ్ళం. ఊళ్ళో ఇంకెవరూ కుట్టేవాళ్ళు కాదు. నిలువు గీతలు వీధికి, అడ్డగీతలు ఇంటికి. ఉండు, ఎవరిదో చెప్తా."

కళ్ళజోడు తుడుచుకుని ముక్కు అద్దానికి ఆనించింది. "రెండు నిలువు గీతలు. రెండో వీధి. అడ్డగీత... అడ్డగీత లేదే! ఇల్లు లేకుండా వీధేమిటి? కింద ఒక చుక్క..."

అక్కడితో మాట ఆగిపోయింది. ఆ గుర్తుకు వీధీ లేదు, ఇంటి నంబరూ లేదు. ఊరంతటికీ ఎన్నో గుర్తులు కుట్టిన ఆమె, ఆ ఒక్కటీ మాత్రం ఒక్క మనిషికే కుట్టింది.

సొంత ఇంటి బట్టలకు లాండ్రీలో గుర్తు వేయరు. గుర్తు లేనిదల్లా మనదే అని అర్థం. అలా ఒకసారి ఆమె భర్త చొక్కా పొరపాటున పోస్టుమాను మూటలోకి పోయింది. మర్నాడు పోస్టుమాను అదే తొడుక్కుని ఉత్తరాలు పంచుతూ ఎదురయ్యాడు. ఇక చూడాలి ఆ మనిషి అల్లరి! "ఊళ్ళో అందరి చొక్కాలకూ చిరునామా ఉంది, నా చొక్కాకే దిక్కూమొక్కూ లేదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి వారం రోజులు ఆటపట్టించాడు. విసుగెత్తి ఆమె సూది తీసుకుని రెండు నిలువు గీతలు, వాటి కింద చుక్క కుట్టింది. "ఇది నువ్వు, ఇది నేను, ఈ చుక్క మన చంటాడు. ఇక ఎక్కడ తప్పిపోయినా ఇంటికొచ్చి పడతావులే" అంది. అతను మురిసిపోయి, ఉన్న మూడు చొక్కాలకూ అదే కుట్టించుకున్నాడు.

ఆ మనిషే లేచిపోయాడని ఆమె నలభై ఒక్క ఏళ్ళుగా తిడుతోంది.

గొడవ జరిగింది ఒక కోటు దగ్గర. డాక్టరుగారి ముదురాకుపచ్చ ఉన్ని కోటు మీద ఇస్త్రీపెట్టె పెట్టి, గుమ్మంలో ఎవరితోనో కబుర్లలో పడ్డాడు. అరచేయంత మేర కాలిపోయింది. ఆమెకు ఒళ్ళు మండింది. వచ్చినవాళ్ళ ముందే నోటికొచ్చినట్టు కడిగేసి, "నువ్వు ఈ కొంపలో ఉంటే ఎంత, పోతే ఎంత!" అంది. అతను తల వంచుకున్నాడు. ఆమె వెనక్కి వెళ్ళి బాయిలరు చూసుకుని వచ్చేసరికి మనిషి లేడు, సంచి లేదు, కోటూ లేదు. మధ్యాహ్నానికి ఏరు పొంగింది, వంతెన కొట్టుకుపోయింది. సాయంత్రం పక్కింటి టైలరు పెళ్ళాం వచ్చి, "మీ ఆయన సంచి పట్టుకుని బస్టాండు వైపు పోతుంటే చూశా, పక్కన ఎవరో ఆడమనిషి కూడా నడుస్తోంది" అని ఊదింది. ఇంకేముంది! కాలిన కోటు కూడా వదలకుండా ఎత్తుకుపోయాడని పళ్ళు నూరింది. బస్టాండు దాటితే వంతెన వస్తుందన్న సంగతి కోపంలో ఆమెకు తట్టలేదు. లేక తట్టినా తోసేసిందో, ఇప్పుడెవరు చెప్పగలరు?

నాలుగో రోజు బడి హాల్లో దిక్కులేని శవాలను వరసగా పడుకోబెట్టారు. మొహాలు పోల్చే స్థితిలో లేవు, బట్టలు చూసే చెప్పుకోవాలి. "ఎందుకైనా మంచిది, ఒకసారి వచ్చి చూడవే" అని అదే టైలరు పెళ్ళాం చెయ్యి పట్టుకుని లాగింది. "వాడు చస్తే కదా చూడటానికి! ఏ ముండ పక్కనో హాయిగా పడుకుని ఉంటాడు. నేను రాను!" అంది. బడి రెండు వీధుల అవతలే. బట్ట చూసి మనిషిని చెప్పగలిగినది ఆ ఊరు మొత్తం మీద ఆమె ఒక్కతే. ఆ రోజంతా ఆమె తల ఎత్తకుండా ఇస్త్రీ చేసింది.

"అత్తయ్యా, ఏమైంది? కళ్ళు తిరుగుతున్నాయా?"

పెద్దమ్మ పెట్టె అంచు పట్టుకుని నిలబడింది. "ఆ గుడ్డముక్క ఏ రంగే?"

"నల్లగా ఉంది... కాదు కాదు, ఆకుపచ్చ. బాగా ముదురాకుపచ్చ. ఎందుకు?"

పెద్దమ్మ గోడకు ఆనుకుని అలాగే నేల మీదికి జారిపోయింది. వంతెన అవతల ఒక రఫూ పనివాడు ఉండేవాడు. కాలిన ఉన్నిని అతికినట్టు కూడా తెలియకుండా నేసేవాడు. దానికి దారం బయటిది పనికిరాదు, అదే కోటు లోపలి మడతలోంచి ముక్క కత్తిరించి లాగాలి. ఆ సంగతి భర్తకు నేర్పింది ఆమే. అతను లేచిపోలేదు. కోటు బాగుచేయించి, పెళ్ళాం మొహం మళ్ళీ మామూలుగా చూసుకుందామని వెళ్ళాడు. దారం కోసం కత్తిరించిన ఆ గుడ్డముక్క ఎక్కడ జారిపోతుందోనని జేబులో పెట్టి గుండీ కూడా పెట్టుకున్నాడు.

"మీ మామయ్యే" అంది. "ఆయనేనే. ఆయన ఎక్కడికీ పోలేదు."

కోడలు ఆ ఇంట్లో అడుగుపెట్టి పద్దెనిమిదేళ్ళు. అత్తగారి నోట ఆ మనిషి గురించి 'వాడు' అనే తప్ప 'ఆయన' అని వినలేదు. అసలు ఆ ఊసు ఎత్తడమే తక్కువ. కొడుకు అన్నం ముందు కూర్చున్నప్పుడు ఎవరైనా తండ్రి మాట తెస్తే కంచం తోసేసి లేచిపోయేవాడు. కోడలు పక్కన కూర్చుని ఆమె తల తన భుజం మీద పెట్టుకుంది. పెద్దమ్మ ఏడ్చింది. ఆ ముసలి ఒంట్లో అంత ఏడుపు ఎక్కడ దాగి ఉందో గానీ, కాపలావాడు పరుగెత్తుకొచ్చి, చూసి, ఆ గదులన్నీ చూసుకునే మేడమ్‌ను పిలుచుకొచ్చాడు.

మేడమ్ చిన్నవయసుది, ముప్పై దాటి ఉండవు. నీళ్ళు తాగించి, అంతా విని, నొచ్చుకుంటూనే అడిగింది. "అమ్మా, మిమ్మల్ని నమ్మనని కాదు. కానీ ఇలాంటి గుర్తు ఇంకెవరైనా కుట్టి ఉండొచ్చు కదా?"

"నాది ఎడమచెయ్యమ్మా. వెనక ముడి చూడండి, ఎడమవైపు మెలి తిరిగి ఉంటుంది. చుక్క కింద దారం తెంచను, లోపలికి తోసేస్తా."

మేడమ్ చేతులకు తొడుగులు వేసుకుని, పెట్టె తాళం తీసి, కాలరు మెల్లగా తిప్పి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఆమె కూడా వచ్చి నేల మీదే కూర్చుంది.

అద్దం అడ్డు లేకపోయేసరికి పెద్దమ్మకు చొక్కా ఇంకా బాగా కనిపించింది. కాలరు మీద బురద గడ్డకట్టి ఉంది. చంకల కింద, జేబు అంచున, గుండీల వెంట అంతా బురదే. ఆమె చెయ్యి దానంతటదే ముందుకు వెళ్ళింది.

"ఒక్కసారి ఇవ్వండమ్మా. ఉతికి తెచ్చిస్తా. రేపు పొద్దున్నకల్లా ఇస్త్రీ చేసి, మడత పెట్టి మరీ ఇస్తా. మీ వస్తువు మీకు చేరుతుంది."

మేడమ్ మొహం పాలిపోయింది. "ఉతకకూడదమ్మా. అది... ఆ బురద ఆ రోజు వరదది. అది ఉంది కాబట్టే ఈ చొక్కాను ఇక్కడ పెట్టారు."

"ఊరందరి మురికీ వదిలించా. మా ఆయన ఒక్కడు, ఇంతమంది ముందు, మాసిన చొక్కాతో..."

"నా చేతుల్లో లేదమ్మా. ఉంటే ఇచ్చేదాన్ని."

కోడలికి మండిపోయింది. "మనిషి మా మనిషి, బురద మీదా?" అని లేచింది గానీ, పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. మేడమ్‌ను అని లాభం లేదని ఆమెకు తెలుసు. ఉతకాల్సిన రోజున తనే వెళ్ళలేదు.

మేడమ్ బోర్డులోంచి కాగితం బయటికి లాగి, పెన్ను తీసింది. "ఇది మాత్రం మార్చగలను. మీరు చెప్పండి, నేను రాస్తా."

దిష్టి సంగతి కొట్టేసింది. లాండ్రీ గుర్తు అని రాసింది. గుడ్డముక్క రఫూ దారం కోసమని రాసింది. 'గుర్తు తెలియని' అన్న మాట కొట్టేసి, పేరు అడిగింది. పెద్దమ్మ చెప్పింది. కోడలు ఆ పేరు కాగితాల మీద చూడటమే గానీ, అత్తగారి నోట వినడం అదే మొదలు. చంటిపిల్లాణ్ణి పిలిచినంత మెత్తగా పలికింది.

"ఈయనకేం చెప్తాం అత్తయ్యా?" అని కోడలు గొణిగింది. భర్తకు ఈ మాట ఎలా చెప్పాలో ఆమెకు తోచలేదు.

పెద్దమ్మ కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. తండ్రి లేచిపోయాడని వాడికి ఉగ్గుపాలతో నూరిపోసింది తనే. ఫారంలో తండ్రి పేరు రాయాల్సి వచ్చినప్పుడల్లా ఆ పసివాడు పళ్ళు కొరుక్కుంటుంటే చూసి, లోపల్లోపల సంతోషించింది కూడా.

మేడమ్ కాగితం చివరికి వచ్చి ఆగింది. "ఇక ఈ ఆఖరి మాట. 'ఈ చొక్కా కోసం ఎవరూ రాలేదు.' ఇది కూడా కొట్టేస్తానమ్మా. మీరు వచ్చారుగా."

"వద్దు" అంది పెద్దమ్మ. కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది. "అది ఉంచండి. అదొక్కటే మీరు తప్పు లేకుండా రాసింది. రెండు వీధుల అవతల ఉండి నేను రాలేదు. రేపు మా వాణ్ణి పంపిస్తా, వచ్చి చదువుకుంటాడు. నా నోటితో వాడికి చెప్పలేను."