గోడకేసే టైల్స్

స్వరాజ్యం బాత్రూమ్ నేల తుడుస్తోంది. ఈ పొద్దుటికి ఇది నాలుగోసారి. ఎవరు స్నానం చేసొచ్చినా వెనకాలే ఆమె గుడ్డ పట్టుకుని దూరాలి. అత్త ఉషాదేవి అక్కడ జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్ననాటి నుంచీ ఇదే శిక్ష. "నీళ్ళు తుడ్వకపోతివి, మా అవ్వను పడగొడ్తివి" అని మొగుడు సోమలింగం ఇరవై రోజులుగా అంటున్నాడు. ఆమెకూ తెలుసు, తప్పు తనదే. కానీ వాళ్ళు చెప్పే తప్పు కాదు.

ఉన్ అనే పేటలో టైల్స్ దుకాణంలో ఆరేళ్ళుగా ఊడ్చి, డబ్బాలు మోసే మనిషికి ఏ టైల్ ఎక్కడేస్తారో తెలియదా? గోడది పల్చన, నున్నన. నీళ్ళు తాగుతుంది, నానబెట్టి సిమెంటుతో అతికిస్తారు. నేలది గట్టి, గరుకు. విట్రిఫైడ్ రకమైతే నీళ్ళే తాగదు, ఒట్టి సిమెంటుకు పట్టదు, దానికి వేరే గమ్ము కావాలి. బమ్రోలిలో తాము కట్టుకుంటున్న ఈ ఇంటికి సోమలింగం చౌకలో పట్టుకొచ్చిన డబ్బాలు చూడగానే "ఇవి గోడకేసేటియి, కిందేస్తే జారుతయ్" అందామె. అత్త పకపకా నవ్వింది.

"చీపురు పట్టేదానివి, దుకాణం సేఠానీవా ఏంది?"

స్వరాజ్యం నోరు మూసుకుంది. భయంతోనే అనుకుంటే అబద్ధం. పడనీ, అప్పుడు తెలుస్తది అన్న కసి కూడా ఉంది. అత్త కేక వినపడగానే పరిగెత్తింది నిజమే. అంతకుముందు ఒక్క రెప్పపాటు 'చెప్తే విన్నరా' అనుకుంది. అత్త నోటికి అన్నం ముద్ద అందించినప్పుడల్లా ఆ రెప్పపాటు గుర్తొస్తోంది.

వంటింట్లో చప్పుడైంది. మేస్త్రీ రాజలింగం నేలమీద తడి సిమెంటు మాలు పరుస్తున్నాడు. తొట్టిలో నానుతున్నవి బాత్రూమ్ నేలకు వేయగా మిగిలిన ఆ టైల్సే. నీళ్ళూ నూనే ఒలికే చోటు. కట్టుగట్టిన చేత్తో అత్త గడపలో కూర్చుని చూస్తోంది.

స్వరాజ్యం గుడ్డ పడేసి వచ్చింది. తొట్టిలో చేతులు పెట్టి టైల్స్ ఒక్కొక్కటే బయటికి తీయసాగింది.

"రాజలింగన్నా, ఆపు. ఇవి గోడకెయ్యి. కిందికి గరుకువి నేన్దెస్త."

"నిన్నెవలడిగిన్రే?" మేస్త్రీ పక్కన నిలబడ్డ సోమలింగం గయ్యిమన్నాడు.

"ఎవ్వలడగలే." ఆమె అత్త మొహంలోకే చూసింది. "పడ్తవని నాకెరుకనే అత్తమ్మా. నువ్ నవ్వినంక మల్ల ఎవ్వలడగలేదని ఊకున్న."